సెబెంజా 31 తెప్పించుకుంటున్నారా? డబ్బు ఎక్కడికి పోతోంది, కత్తిని ఎలా పరీక్షించాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరు హైదరాబాద్‌లో ఉంటారు. రోజూ జేబులో పెట్టుకోవడానికి క్రిస్ రీవ్ సెబెంజా 31 అనే మడత కత్తిని డల్లాస్‌లో ఉన్న మీ బావగారి చేత తెప్పించుకోవాలనుకుంటున్నారు. ధర దాదాపు 500 డాలర్లు. అంత పెట్టొచ్చా? పెడితే, వచ్చిన కత్తి సరిగ్గా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

బాగా కోస్తుందని కొనేట్టయితే కొనకండి. ఓపినెల్ 8వ నంబర్ కత్తి దీని ధరలో పదో వంతు కూడా ఉండదు. దాని బ్లేడ్ 8.5 సెంటీమీటర్లు, బరువు 50 గ్రాముల లోపే. పచ్చి మామిడికాయనీ ఆపిల్‌నీ అది సెబెంజా కంటే శుభ్రంగా కోస్తుంది. సెబెంజా రెండు సైజుల్లో వస్తుంది. పెద్దదాని బ్లేడ్ వెన్ను, అంటే అంచుకి ఎదురు వైపు, 3.2 మిల్లీమీటర్ల మందం. అంచు ఎంత పదునుగా ఉన్నా గట్టి కాయలోకి సగం దిగాక ఆ మందం కాయని కోయడం మానేసి చీలుస్తుంది, 'టక్'మని శబ్దం కూడా వస్తుంది. పలచటి బ్లేడ్‌కి ఆ ఇబ్బంది లేదు.

మరి డబ్బు దేనికి? భాగాలు ఒకదానితో ఒకటి కూర్చునే తీరుకి, ఇరవై ఏళ్లయినా మీరే ఇంట్లో విప్పి బిగించుకోగలిగే కట్టుబడికి. పరీక్ష కూడా ఈ రెండిటి మీదే పెట్టాలి. చాలామంది కత్తి చేతికి రాగానే టపటపా తెరిచి మూసి, 'ఎంత నున్నగా తిరుగుతోందో' అని మురిసిపోతారు. నున్నగా తిరగడం ఈ రోజుల్లో చవక కత్తికీ వచ్చేసింది, లోపల బాల్ బేరింగులు వేస్తే చాలు. దాన్నిబట్టి నాణ్యత తెలియదు.

చిన్నదా, పెద్దదా

పెద్దదాని బ్లేడ్ 3.61 అంగుళాలు, బరువు 133 గ్రాములు. చిన్నదాని బ్లేడ్ 2.99 అంగుళాలు, బరువు సుమారు 85 గ్రాములు. జీన్స్ వేసుకునేవాళ్లకి పెద్దది ఫరవాలేదు. ఆఫీసుకి వేసుకెళ్లే పలచటి ప్యాంటు జేబు మాత్రం దాని బరువుకి కిందికి వేలాడుతుంది. పార్సిల్ డబ్బా, బియ్యం బస్తా కుట్టు, పండు, ప్లాస్టిక్ ట్యాగ్ లాంటి నగరపు పనులకి చిన్నది చాలు. తోట పని, తాడు కోత ఉంటేనే పెద్దది తీసుకోండి. మీరు ఎడమచేతి వాటమైతే ఎడమచేతి సెబెంజా విడిగా దొరుకుతుంది. మామూలుదానితో సర్దుకుపోదామనుకోవద్దు, తెరిచిన బ్లేడ్ మూసుకుపోకుండా ఆపే దాని లాక్ కుడి బొటనవేలికి అనువుగా చేసింది.

స్టీలు విషయం. ఇప్పుడు వచ్చేవి సీపీఎం మాగ్నాకట్‌తో వస్తున్నాయి, పాత స్టాకులో ఎస్35వీఎన్ ఉంటుంది. మాగ్నాకట్‌ని లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించారు, 2021లో మార్కెట్‌కి వచ్చింది. మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్లో క్రోమియం కొంత కార్బన్‌తో కలిసి పెద్ద పెద్ద కార్బైడ్ రేణువులుగా మారిపోతుంది. తుప్పుని ఆపడానికి మిగిలే క్రోమియం తగ్గుతుంది, ఆ రేణువుల దగ్గర అంచు పెళుసుగానూ తయారవుతుంది. మాగ్నాకట్‌లో క్రోమియం 10.7 శాతమే అయినా కార్బైడ్లుగా ఏర్పడే పనిని వనేడియం, నియోబియం చూసుకుంటాయి. క్రోమియం తుప్పుని ఆపే పనికే మిగులుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలిలో తిరిగేవాళ్లకి ఈ తేడా నిజంగా తెలుస్తుంది. హైదరాబాద్‌లో అంతగా తెలియదు. ఎస్35వీఎన్ పాత స్టాకు మంచి తగ్గింపులో దొరికితే సంకోచించకుండా తీసుకోవచ్చు, నూరడం కూడా కొంచెం సులువు.

డల్లాస్‌లోనే అయిపోవాల్సిన పరీక్ష

మీ విషయంలో అసలు చిక్కు ఇక్కడుంది. లోపం ఉంటే వెనక్కి ఇవ్వగలిగేది అక్కడున్నన్నాళ్లే. ఇక్కడికొచ్చాక కొరియర్, కస్టమ్స్ దాటించి తిప్పి పంపడం అయ్యే పని కాదు. పైగా ఒక్కసారి దేన్నైనా కోసినా, నూరినా, విప్పినా చాలా దుకాణాలు వాపసు తీసుకోవు. కాబట్టి బావగారు చేయాల్సిందంతా చూపుతోనూ చేతితోనే, కోత వద్దు. ఫోన్లో వీడియో కాల్ పెట్టుకుని కింద చెప్పిన వరుసలో చేయించండి, పావుగంట చాలు.

మొదట మూసిన కత్తిని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, రెండు పిడి పలకల మధ్య బ్లేడ్ ఎక్కడుందో చూడాలి. మధ్యలో ఉండాలి. వెంట్రుక వాసి అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు, పలకకి రాసుకోకూడదు. అయితే ఈ ధరలో కళ్లకి కొట్టొచ్చినట్టు ఒక పక్కకి ఉంటే మార్పించుకోవడమే మేలు.

తర్వాత కత్తిని చాలా మెల్లిగా తెరవమనండి. బొటనవేలితో నెమ్మదిగా చివరిదాకా నెట్టి వదిలేస్తే లాక్ దానంతటది పడాలి. విసురుగా తెరిచినప్పుడు పడి, మెల్లిగా తెరిచినప్పుడు అరకొరగా ఆగే లాక్ ఉంటుంది. అది లోపమే. ఇంట్లో ఎవరూ ప్రతిసారీ విసురుగా తెరవరు.

లాక్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. టైటానియం పిడిలో ఒక పలకనే చీల్చి, ఆ చీలిన భాగం (లాక్ బార్) స్ప్రింగులా లోపలికి వంగి బ్లేడ్ మడమని, అంటే పిడి లోపల ఉండే దాని వెనక భాగాన్ని, అడ్డుకునేలా చేయడం దీని పద్ధతి. ఫ్రేమ్‌లాక్ అంటారు. ఈ పద్ధతి మడత కత్తుల్లోకి 1987లో వచ్చిన మొదటి సెబెంజాతోనే వచ్చింది. దీనికున్న పాత జబ్బు ఏమిటంటే, టైటానియం మెత్తన, స్టీలు గట్టి. రెండూ నేరుగా రాసుకుంటే టైటానియం స్టీలుకి అంటుకుపోతుంది, మూయబోతే లాక్ బార్ కదలనంటుంది. 31లో ఆ తాకే చోట చిన్న సిరామిక్ గుండు పొదిగారు. అంటుకోవడం పోయింది, అరుగుదల కూడా బాగా తగ్గింది. వేరే కంపెనీలు అదే పనికి స్టీలు ముక్క పెడతాయి.

అందుకే 'లాక్ బార్ బ్లేడ్ మడమలో ఎంత శాతం మీదికి వచ్చింది' అని ఫొటోలు పెట్టి వాదించుకునేవాళ్ల మాట ఈ కత్తికి సరిగ్గా పొసగదు. తాకేది గుండు, బార్ అంచు కాదు. చూడాల్సింది ఒకటే: గుండు మడమ ముఖం మీద పూర్తిగా కూర్చుందా, లేక ఒక చివర వేలాడుతోందా. బార్ అవతలి పలకని తాకేంత దూరం వెళ్లిపోయి ఉంటే కొత్త కత్తిలో అది తిరస్కరించాల్సిన విషయం.

ఆట, అంటే బ్లేడ్‌లో వదులు, ఉందేమో చూడటం ఇలా: పిడిని ఒక చేత్తో పట్టుకుని, బ్లేడ్‌ని వెన్ను వైపు నుంచి బొటనవేలు, చూపుడు వేలితో పట్టి పక్కలకీ పైకీ కిందికీ ఊపి చూడాలి. వేళ్లు అంచు మీదికి పోకూడదు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, పిడిని పట్టుకున్న చేతి వేళ్లతో లాక్ బార్‌ని లోపలికి నొక్కేయడం. అలా నొక్కితే ఉన్న ఆట కనబడదు. బార్ మీద వేలు పడకుండా పట్టుకుని ఊపాలి. పైకీ కిందికీ చిన్న 'టిక్' వచ్చినా ఈ ధరలో ఒప్పుకోవద్దు.

బ్లేడ్ వెన్నుతో బల్ల మీద ఠపీమని కొట్టి లాక్‌ని పరీక్షించే వీడియోలు చూసి ఉంటారు. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. బాగున్న లాక్ కూడా ఆ దెబ్బకి పాడవుతుంది, లాక్ జారితే వేళ్ల మీద పడుతుంది. కావాలంటే వేళ్లని బ్లేడ్ దారిలోంచి పక్కకి తీసి, వెన్నుని అరచేతితో నెమ్మదిగా, గట్టిగా నొక్కితే సరిపోతుంది.

మూసిన కత్తిని మొన కిందికి వచ్చేలా పట్టుకుని రెండు మూడుసార్లు ఓ మాదిరిగా విదిలించండి. బ్లేడ్ బయటికి రాకూడదు. 31లో మూసినప్పుడు బ్లేడ్‌ని పట్టి ఉంచేది కూడా ఆ గుండే. క్లిప్ మీద వేలాడే ఈ కత్తిలో మొన పైకి ఉంటుంది. పట్టు వదులుగా ఉంటే బ్లేడ్ జేబులోనే కొంచెం తెరుచుకుని, మీరు చెయ్యి పెట్టినప్పుడు వేలికి తగులుతుంది.

ఆఖరిది గ్రైండింగ్. బ్లేడ్‌ని వెన్ను వైపు నుంచీ, మొన వైపు నుంచీ సూటిగా చూడాలి. రెండు పక్కలా నునుపు చేసిన వంపు ఒకే చోట మొదలవ్వాలి. పదును పెట్టిన సన్నటి పట్టీ పిడి దగ్గర నుంచి మొన దాకా రెండు పక్కలా ఒకే వెడల్పు ఉండాలి. మొన దగ్గర పట్టీ ఒక్కసారిగా వెడల్పైతే అక్కడ బ్లేడ్ మందంగా ఉందనే అర్థం. కొంచెం తేడా మామూలే. రెండు పక్కలకీ పొంతన లేకపోతే మాత్రం, నూరిన ప్రతిసారీ మొన ఒక వైపు ఒరుగుతూ పోతుంది.

నకిలీల మాట కూడా ఇక్కడే. సెబెంజాకి నకళ్లు విపరీతం, చూపుకి బాగా మోసం చేస్తాయి. అధీకృత డీలర్ దగ్గర, బిల్లుతో కొంటే ఈ తలనొప్పే ఉండదు. అసలుదానికి తయారీ తేదీ రాసిన కార్డు వస్తుంది. ఇక్కడ సోషల్ మీడియాలో 'ఒరిజినల్' అని ఐదారు వేలకి అమ్మేవాటిని ఒరిజినలా కాదా అని పరీక్షిస్తూ కూర్చోవాల్సిన పని లేదు.

ఇక్కడికొచ్చాక

విమానంలో చెక్-ఇన్ సామానులోనే రావాలి. చేతి సంచిలో అక్కడా ఇక్కడా కూడా తీసేసుకుంటారు. బిల్లు వెంట ఉంచమనండి.

మొదటి వారం కత్తి కొంచెం బిగుతుగా, అడుగున లోహం లోహానికి రాసుకుంటున్నట్టు ఉంటుంది. కంగారు పడొద్దు. ఇందులో బేరింగులు లేవు, పలచటి ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు ఉన్నాయి. వాడగా వాడగా వాటి ముఖం నున్నబడి చక్కగా తిరుగుతుంది. మన దుమ్ముకి వాషర్లే మేలు. బేరింగుల మధ్య నూలు పీచు, ఇసుక చేరితే కత్తి గరగరలాడుతుంది. వాషర్‌ని గుడ్డతో తుడిస్తే అయిపోయింది.

కోత పరీక్ష ముందు పలచటి కాగితంతో మొదలుపెట్టండి. అంచుని పిడి దగ్గర నుంచి మొన దాకా ఒకే లాగులో కోయాలి. ఎక్కడైనా చిరిగితే ఆ చోట అంచు మొద్దుగా ఉంది, లేదా నూరినప్పుడు లేచిన సన్నటి లోహపు పొర ఇంకా వేలాడుతోంది. ట్యూబ్‌లైట్ కింద అంచుని మీ వైపు తిప్పి చూస్తే ఆ చోట మెరుపు కనిపిస్తుంది. పదునున్న అంచు మెరవదు. తర్వాత అట్టపెట్టె. అట్ట లోపలి గొట్టాలకి అడ్డంగా కోయండి, నిలువుగా కాదు. కోతలో ఎక్కడ పట్టేస్తోందో గమనించండి. చివరిగా నైలాన్ తాడు.

పట్టేస్తోందంటే కారణం చాలాసార్లు పదును కాదు, అంచుకి కాస్త పైన ఉన్న మందం. డిజిటల్ వెర్నియర్ ఉంటే పదును పట్టీ ముగిసే గీతకి సరిగ్గా పైన కొలవండి. 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉంటే రోజువారీ కత్తికి చక్కగా సరిపోతుంది. 0.7 దాటితే ఎంత నూరినా అట్టలో ఈడ్చినట్టే ఉంటుంది. ఏ కంపెనీ కత్తికైనా ఈ ఒక్క కొలత చెప్పేంత సంగతి స్టీలు పేరు చెప్పదు. విచిత్రంగా, అమ్మేవాళ్లు రాసే వివరాల్లో ఇదొక్కటే ఉండదు.

విప్పడం

పెట్టెలోనే అలెన్ కీలూ గ్రీజూ ఇస్తారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పితే చాలు. మామిడిరసమో ఇసుకో లోపలికి పోతే వెంటనే. ముందు అంచు మీద మాస్కింగ్ టేపు రెండు వరుసలు అంటించండి. ఇది మానేసి వేలు కోసుకునేవాళ్లే ఎక్కువ. తెల్ల గుడ్డ పరిచి, కీని స్క్రూలో పూర్తిగా దించి తిప్పండి. పైపైన పెట్టి తిప్పితే స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది. బ్లేడ్ తిరిగే ఇరుసు (పివట్), బ్లేడ్ ఆగే స్టాప్ పిన్, పలకల మధ్య ఎడం నిలిపే వెనక స్పేసర్, ఈ మూడు చోట్లా కత్తి పట్టి ఉంటుంది. ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ వాషర్ ఏ పక్కదో, ఏ ముఖం బయటికి ఉందో ఫొటో తీసుకుని అదే వరుసలో పేర్చండి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక వాషర్ ఒక్కో ముఖానికీ ఆవగింజంత గ్రీజు రాయండి. ఎక్కువైతే మేలు జరగదు, దుమ్మే అంటుకుంటుంది. తిరిగి అమర్చేటప్పుడు బ్లేడ్ పలక మీద సమంగా కూర్చోక ఒక పక్క పైకి లేచినట్టుంటుంది. లాక్ బార్ స్ప్రింగు దాన్ని అడుగు నుంచి నెట్టడం వల్ల అలా ఉంటుంది, ఏదో తప్పు అమర్చామని అనుకోకండి. రెండో పలక పెట్టి బొటనవేలితో నొక్కిపట్టి స్క్రూ ఎక్కించాలి. మొదటి రెండు చుట్లూ చేత్తోనే తిప్పండి. మర అడ్డంగా పడితే చేతికి తెలుస్తుంది, కీకి తెలియదు.

ఇక ఈ కత్తి అసలు గొప్పతనం. పివట్ స్క్రూ చుట్టూ ఒక గొట్టం ఉంటుంది, బుషింగ్ అంటారు. దాని పొడవు బ్లేడ్ మందం, రెండు వాషర్ల మందం కలిపినదానికి అత్యంత స్వల్పంగా ఎక్కువ. స్క్రూ బిగించినప్పుడు రెండు పలకలూ ఆ గొట్టాన్ని నొక్కుతాయి, బ్లేడ్‌ని కాదు. కాబట్టి ఆగేదాకా బిగించినా బ్లేడ్ స్వేచ్ఛగా తిరగాలి, పక్క ఆటా ఉండకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధించడం చాలా కష్టం, ఆ 500 డాలర్లలో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది. మామూలు కత్తుల్లో పివట్‌ని పావు చుట్టు ఎక్కువ తిప్పితే బ్లేడ్ బిగుసుకుంటుంది, తక్కువ తిప్పితే ఊగుతుంది, మధ్యస్థంగా వదిలి, స్క్రూ కదలకుండా పట్టే లాక్‌టైట్ జిగురు పెట్టి ఆపాలి. దీన్ని విప్పి బిగించాక బ్లేడ్ ఒక పక్కకి వచ్చినా బిగుసుకున్నా ముందు వాషర్ కింద నలుసు పడిందేమో, వాషర్ మడతపడిందేమో చూడండి. స్క్రూని వదులు చేసి సరిపెట్టుకోవద్దు.

నూరడం, ఏం చేయకూడదు

వీధిలో సైకిల్ సానవాడికి ఇవ్వొద్దు. ఎండు చక్రం మీద రవ్వలు ఎగిరేలా పట్టిస్తే అంచు దగ్గర వేడికి స్టీలు మెత్తబడుతుంది, ఆ భాగం అరిగేదాకా పదును నిలవదు. మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి కూడా ఈ స్టీల్లోని వనేడియం కార్బైడ్ల కంటే మెత్తన. డైమండ్ ప్లేట్లే వాడండి, 400, 1000 గ్రిట్ రెండుంటే చాలు. పక్కకి 17 డిగ్రీల దగ్గర పట్టుకోండి. కోణం కుదిరిందో లేదో చూడాలంటే పదును పట్టీకి పర్మనెంట్ మార్కర్ పూసి ఒక్కసారి రాయి మీద లాగి చూడండి. రంగు పైన మాత్రమే పోతే వెన్ను కొంచెం ఎత్తాలి, అంచు దగ్గర మాత్రమే పోతే దించాలి. ఆఖర్లో తోలు మీద ఒక మైక్రాన్ డైమండ్ పేస్టుతో ఒక్కో పక్కా పదేసి లాగులు, వెన్ను వైపుగా.

డబ్బా మూతలు పెకలించడానికి, స్క్రూ తిప్పడానికి మొనని వాడకండి. ఏ స్టీలైనా పక్కకి మెలితిప్పితే మొన విరుగుతుంది. బోండాం కొట్టే పని కూడా దీనిది కాదు. పుల్లటి కాయలు కోశాక కడిగి తుడిచేయండి, మరక పడకుండా ఉంటుంది.

జేబులో పెట్టుకునేటప్పుడు క్లిప్‌ని జేబు వెనక మూలకి, కుట్టుకి ఆనించి తగిలించండి. బ్లేడ్ వెన్ను ఆ కుట్టు వైపే ఉంటుంది కాబట్టి పొరపాటున కూడా తెరుచుకోలేదు. ఫోన్ రెండో జేబులో పెట్టుకోండి, టైటానియం క్లిప్ స్క్రీనుని గీస్తుంది.

చట్టం

మన ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు పరిధిలోకి వచ్చే కత్తులు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్నవి. సెబెంజా రెండు సైజులూ దానికి చాలా లోపే. ఢిల్లీలో మాత్రం 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. స్ప్రింగు, బటన్, ఇతర యంత్ర పద్ధతితో తెరుచుకునే కత్తులకి 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 వెడల్పు హద్దు పెట్టింది. చిన్న సెబెంజా బ్లేడ్ పొడవు సుమారు 7.6 సెంటీమీటర్లు, ఆ హద్దుకి వెంట్రుక వాసి లోపల ఉంటుంది, పైగా బొటనవేలితో తెరిచేదే. అయినా ఢిల్లీ వెళ్తే ఇంట్లో పెట్టి వెళ్లడమే సుఖం. ఎన్నికలప్పుడూ, ఊరేగింపులప్పుడూ పోలీసు కమిషనర్లు నిషేధాజ్ఞలు ఇస్తారు, వాటిలో కొలతల వాదన పనికిరాదు. మెట్రో, కోర్టు, సినిమా హాలు, మాల్ తనిఖీలలో తీసేసుకుంటారు. అలాంటి రోజు వెంట తీసుకెళ్లకండి.

బావగారికి టెక్సాస్‌లో ఇబ్బంది లేదు, అక్కడి హద్దు 5.5 అంగుళాలు. బ్రిటన్‌లో ఉన్న చుట్టాలకి బహుమతిగా పంపే ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడ కారణం చూపకుండా జేబులో పెట్టుకోగలిగేది 3 అంగుళాల లోపు అంచుండి, లాక్ లేని మడత కత్తి మాత్రమే. సెబెంజా లాక్ కత్తి.

సెకండ్‌హ్యాండ్ చవగ్గా దొరికితే తీసుకోవచ్చా అని కూడా అడిగారు. తీసుకోవచ్చు, పిడి మీద గీతలు లెక్కలోకి రావు. మూడు చూడండి: అలెన్ స్క్రూ తలలు గుండ్రంగా అరిగాయా, విప్పి మళ్లీ బిగిస్తే బ్లేడ్ స్వేచ్ఛగా తిరుగుతోందా, పిడి దగ్గర అంచు లోపలికి పల్లం పడిందా. మూడోది చక్రం మీద నూరిన గుర్తు. పల్లం పోవాలంటే బ్లేడ్ మొత్తం వెడల్పు తగ్గించాలి, అప్పుడు అంచు వెనక మందం పెరిగి కోత మందగిస్తుంది. అలాంటిది సగం ధరకి ఇచ్చినా వద్దు.